చేతులేవి?

వంటింటికీ వడ్రంగి కొట్టుకీ మధ్య ఒకే గోడ, ఒకే గడప. కొడుకు పోయిన దగ్గర్నుంచి అత్తగారు ఆ గడప దాటలేదు. ఇవాళ మధ్యాహ్నం మాత్రం దాని మీదే పీట వేసుకుని కూర్చుంది. లోపల పనిబల్ల దగ్గర కోడలు నిలబడింది. ఇద్దరిలో ఎవరు ఎక్కువ మొండివాళ్లో తేలడానికి సాయంత్రం దాకా వ్యవధి ఉంది.

"అది కాదే, ముందు ప్లగ్గు పీకావా లేదా, అది చెప్పు."

"పీకాను అత్తయ్యా."

"పీకి ఎక్కడ పెట్టావు?"

"ఇదిగో, బల్ల మీద. నా కళ్లెదురుగానే ఉంది."

"భుజం మీద వేసుకో. వాడు అలాగే వేసుకునేవాడు, తువ్వాలు వేసుకున్నట్టు. గాడులు కోసే ఈ రౌటర్ మిషన్‌కి కోత బిట్టు మార్చేటప్పుడు ప్లగ్గు నీ ఒంటి మీద ఉందనుకో, ఏ మహానుభావుడూ వచ్చి పొరపాటున స్విచ్చి వెయ్యలేడు."

"ఇక్కడ మనిద్దరం తప్ప మహానుభావులెవరున్నారు?"

"ఉన్నా లేకపోయినా వేసుకో."

"వేసుకున్నాను. చాలా?"

"ఆ చొక్కా... వాడిదేనా?"

"పొట్టు పడుతుందని వేసుకున్నా."

"ఉతికావా?"

"లేదు. ఉతకమంటారా?"

"నేనేమన్నాను? చేతులు మోచేతుల పైకి మడువు. మడిచి పిన్నీసు పెట్టు. వదులుగా వేలాడేదేదైనా సరే, రౌటర్ బిట్టు లోపలికి లాగేసుకుంటుంది. దానికి నీ చొక్కా, నా చొక్కా అని తేడా తెలీదు. జుట్టు?"

"ముడేశాను. కళ్లద్దాలు పెట్టుకున్నాను. ముక్కుకి గుడ్డ కట్టుకున్నాను. ఇంకా ఏమైనా మిగిలిందా?"

"నోరు మిగిలింది. దానికీ ఏదైనా కడితే బాగుండు."

"అది మీ చేత్తోనే కట్టండి, పుణ్యముంటుంది."

"మాటలకేం తక్కువ లేదు. మనం అనుకున్నది గుర్తుందిగా?"

"గుర్తుంది. ఈ ఆఖరి గాడి వంకర లేకుండా, గీత దాటకుండా పడితే మిషన్ ఇంట్లో ఉంటుంది, కొట్టు ఉంటుంది. తప్పితే సాయంత్రం బక్కమేస్త్రి వచ్చి మిషన్ కొనుక్కుని తీసుకుపోతాడు. నాకు గుర్తుందిగానీ మీకూ గుర్తుండాలి."

"నేను మాట తప్పే మనిషినా?"

"నేనలా అన్లేదు."

"అనకుండానే అన్నావు. ఆ పలక జాగ్రత్తే పిల్లా. బడి వాళ్ల పుస్తకాల బీరువాకి ఎడమ పలక, కుడి పలక, రెండూ ఒకే దుంగలోంచి తీశాడు వాడు. ఎడమది అయిపోయింది. కుడిదాంట్లో అట్టడుగు అరకి గాడి ఒక్కటే మిగిలింది. చెడిందంటే ఇంకో పలక లేదు. ఎంత వెతికినా ఆ చార దొరకదు."

"అందుకే కదా ముందు ముక్క చెక్క మీద కోసి చూస్తానంటున్నా."

"అదీ మాట. బిట్టు పెట్టావా?"

"పెట్టాను."

"ఎలా పెట్టావు?"

"రోజూ పెడుతున్నట్టే పెట్టాను అత్తయ్యా. బిగించాను, పానాతో ఇంకో పట్టు పట్టాను. మీరు మరీ పసిపిల్లని చేసేస్తున్నారు."

"సరే సరే. ముక్క కదలకుండా బిగించావా? రెండు వైపులా?"

"రెండు వైపులా రెండు క్లాంపులు. ఊపి కూడా చూశాను. ప్లగ్గు పెట్టాను, చెవి డిప్పలు పెట్టుకుంటున్నా. ఇంక మీరు అరవాలి, మామూలుగా చెబితే వినపడదు."

"అరవడం నాకు ఒకరు నేర్పాలా?"

"చేతులేవి?"

"ఇవిగో, తొమ్మిదిన్నర."

"అదేంటి, ఇవాళ అర తగ్గింది?"

"ఏం తగ్గింది? ఉన్నవే చెప్పాను. కబుర్లాపి పని చూడు."

"చూస్తున్నా!"

"అలా ఉత్తినే తిప్పకే! దించు! దించెయ్!"

"స్పీడ్ అందుకోకుండా దించకూడదు కదా!"

"తెలుసు! అయినా దించు! ఆ గాలి మోత... హమ్మయ్య. ఇప్పుడు తొయ్. ఆగకు, ఆగితే కాలుతుంది. నెమ్మదిగా... అదీ... అదీ... ఆపు! ఆపు, ఆపు, ఆపు!"

"ఆపాను! ఏమైంది? ఏమైంది అత్తయ్యా?"

"ముందు అది తిరగడం మానిందో లేదో చూడు. చెయ్యి పెట్టకు."

"ఆగింది. ఏమైంది?"

"మోత మారింది. మొదట్లో చెక్కని కొరుకుతున్నట్టుంది, మధ్యలో మింగుతున్నట్టు అయింది. గాడి లోతు చూడు, మొదట్లోదీ చివర్లోదీ."

"ఇక్కడ గోరంత. ఇక్కడ... అయ్యో. దాదాపు రెండింతలు."

"బిట్టు జారింది."

"గట్టిగా బిగించానే!"

"బిట్టుని దాని గొట్టంలో అడుగంటా గుద్ది బిగించావు, అవునా?"

"అవును. ఎంత లోపలికి ఉంటే అంత గట్టిగా ఉంటుందని."

"అందరూ అలాగే అనుకుంటారు. అడుగుకి తగిలిన బిట్టు పానాకి బిగిసినట్టే ఉంటుంది, దాని మెడకి మాత్రం పట్టు చిక్కదు. అడుగంటా దూర్చు, కాస్తంత, బియ్యపు గింజంత పైకి లాగు, అప్పుడు బిగించు. ప్లగ్గు!"

"పీకాను, ఇదిగో, భుజం మీద వేసుకున్నా."

"చెబితే గానీ వేసుకోలేదు చూడు."

"మీ చెవులు చెవులు కావు అత్తయ్యా. నేను పక్కనే ఉన్నాను, నాకు తెలీలేదు. మీరు అక్కడ కూర్చుని పట్టేశారు."

"మీ మామయ్య కోసేటప్పుడు పలక అవతలి కొస నేను పట్టుకునేదాన్ని. అక్కడ నిలబడ్డ మనిషికి చూడ్డానికేముంటుంది? ఆయన వంగిన వీపు. అందుకని వినేదాన్ని. వినడం తప్ప వేరే పనేదీ లేదు."

"ఇది అసలు పలక మీద జరిగుంటే..."

"కొంప మునిగేది. జరగలేదుగా. బిగించు."

"బిగిస్తున్నా. అత్తయ్యా, ఒకటి అడగనా? ఆ అర వేలు ఎలా పోయింది? ఆయన్ని అడిగితే నవ్వేసి ఊరుకునేవారు."

"అప్పుడు వాడు కడుపులో ఉన్నాడు. వాడికేం తెలుసని చెబుతాడు?"

"మీరు చెప్పండి మరి."

"చెప్పడానికేముంది. ఈ మిషన్ కాదు, దీనికంటే ముందుది. పలక కింద నా చెయ్యి ఉంది. లోతు ఎంతో మీ మామయ్య చూసుకోలేదు, నా చెయ్యి ఎక్కడుందో నేను చూసుకోలేదు. బిట్టు పలక దాటి కిందికి దిగింది. అంతే. ఆయన ఏడ్చాడు. నేను కాదు. నాకు ఏడుపు రావడానికే చాలాసేపు పట్టింది."

"అమ్మో."

"దాని తర్వాత నుంచి మిషన్ ముట్టుకునే ముందు ప్రతిసారీ 'చేతులేవి?' అని ఒక కేక. నేను రెండు చేతులూ పైకెత్తి 'ఇవిగో' అనాలి. అంటేనే స్విచ్చి. మొదటిసారి ఆయన మొహం చూడలేక, నవ్విద్దామని 'ఇవిగో, తొమ్మిదిన్నర' అన్నాను. ఆయనకి నవ్వు రాలేదు. మాట మాత్రం అలాగే ఉండిపోయింది."

"ఆయనా అలాగే పిలిచేవారు. అప్పట్లో నా ఉద్యోగానికి సెలవున్న రోజుల్లో వినేదాన్ని. కొట్టులో ఒక్కరే ఉన్నా సరే."

"ఒక్కడున్నా పిలిచేవాడు. నేను వంటింట్లోంచి పలికేదాన్ని. పలకకపోతే మిషన్ మోగదు. ఒకసారి పాలు పొంగుతున్నాయని పలకలేదు. వచ్చి ఇదిగో, ఈ గడప మీద నిలబడ్డాడు, మూతి ముడుచుకుని. అంత మనిషి! 'అమ్మా, నీ చేతులేవమ్మా' అని. 'పాలల్లో ఉన్నాయి నాయనా, పో' అన్నాను."

"..."

"ఏం, బిగించడం అవలేదా?"

"అయింది. పొట్టు కంట్లో పడింది."

"కళ్లద్దాలు పెట్టుకున్నావుగా."

"పెట్టుకున్నాను. అయినా పడింది."

"... సరేలే. పడుతుంది అప్పుడప్పుడు. తుడుచుకో."

"రోజూ మధ్యాహ్నం ఈ మోతతో మీ నిద్ర కూడా పాడు చేస్తున్నాను."

"నా నిద్ర సంగతి నీకెందుకు? ప్లగ్గు పెట్టి ముక్క మీద మళ్లీ ఒక గాడి కొయ్యి."

"చేతులేవి?"

"ఇవిగో, తొమ్మిదిన్నర. ఊఁ... దించు. ఇప్పుడు సరిగ్గా ఉంది. ఒకే మోత. కొస దాకా పోనీ. ఇంక లేపు. లేపి, అప్పుడు ఆపు. ఆపి, అది నిలబడేదాకా పట్టుకునే ఉండు. ఆత్రపడి బల్ల మీద పడుకోబెట్టావంటే తిరుగుతూ తిరుగుతూ నీ మీదకే పరిగెత్తుతుంది."

"నిలబడింది. లోతు మొదట్నుంచి చివరిదాకా ఒకటే ఉంది, చూడండి!"

"చూడక్కర్లేదు. విన్నాను. ఇంక పలక మీద, మిషన్ ఆనుకుని నడిచే పట్టీ బిగించు."

"మూలమట్టం పెట్టి గీత గీశాను. ఆయన గీసిన గీతా, నాదీ కలిశాయి."

"వాడి గీత ఉందా?"

"ఉంది. గాడి ఎక్కడ ఆగాలో అక్కడ అడ్డగీత గీసి పక్కన 'ఆపు' అని రాశారు. పెన్సిల్‌తో."

"తుడవకు."

"తుడవను."

"గీతకీ పట్టీకీ మధ్య ఎంత దూరం ఉండాలో తెలుసా? స్కేలు పెట్టి కొలిచావంటే వెంట్రుకవాసి తేడా వస్తుంది. మేకుకి ఒక ముక్క వేలాడుతూ ఉంటుంది చూడు."

"ఇదా? 'ఈ బిట్టుకే' అని రాసుంది."

"అదే. పట్టీని ఆనించి ఇదే మిషన్‌తో, ఇదే బిట్టుతో కోసి చేసుకున్న ముక్క. మిషన్ అడుగు రేకు అంచు నుంచి బిట్టు అంచుకి ఎంత ఉందో, ముక్క వెడల్పు సరిగ్గా అంతే. గీతకి దాన్ని ఆనించు, దానికి పట్టీని ఆనించు, ముక్క తీసెయ్. కొలవడం లేదు, తప్పడం లేదు."

"ఆనించాను. పట్టీ నాకు అవతలి వైపు ఉంది."

"అయితే ఎటు నుంచి ఎటు తోస్తావు?"

"ఎడమ నుంచి కుడికి."

"ఎందుకని?"

"ఎందుకంటే... అలాగే తొయ్యాలి కాబట్టి."

"అలా చెబితే ఎలాగే! బిట్టు తిరిగే తీరుకి మిషన్ ఒక పక్కకి ఒరుగుతుంది. ఎడమ నుంచి కుడికి తోస్తే తనంతట తనే పట్టీకి అదుముకుంటుంది, తల్లి చంక దిగని పిల్లాడిలా. తిరగేసి తోశావనుకో, పట్టీని వదిలేసి దాని ఇష్టం వచ్చిన చోటికి పోతుంది. గాడి పాములా పడుతుంది."

"సరే, ఎడమ నుంచి కుడికి. 'ఆపు' గీత దగ్గర అడ్డుముక్క బిగిస్తాను. మిషన్ దానికి తగిలి ఆగిపోతుంది, ఇంక నా కళ్లని నమ్ముకోనక్కర్లేదు."

"ఎవరు చెప్పారు నీకది?"

"ఎవరూ చెప్పలేదు. ఆలోచిస్తే తట్టింది."

"ఊఁ. బుర్ర ఉంది. లోతు ఒకేసారి దించకు. లోతు కడ్డీ కింద మెట్ల చక్రం ఉందే, దాని పెద్ద మెట్టు మీద మొదటిసారి, తర్వాత మధ్య మెట్టు, చివరికి చిన్న మెట్టు. మూడు విడతలుగా పో. గబగబా తినేద్దామనుకుంటే బిట్టూ ఉక్కిరిబిక్కిరవుతుంది, చెక్కా చీలుతుంది."

"మూడు విడతలు. అలాగే."

"ఒళ్లు దగ్గర పెట్టుకుని చెయ్యి."

"అత్తయ్యా, మొదలుపెట్టే ముందు ఒకటి అడగాలి. ఇందాక మిషన్ ఉత్తినే తిరుగుతుంటే ఎందుకలా కేకేశారు? భయం వేసింది నాకు."

"ఏం లేదు."

"ఉంది."

"ఏం లేదన్నానా! మొదలుపెట్టు."

"మీరు చెప్పేదాకా మొదలుపెట్టను. సాయంత్రం దాకా ఇలాగే నిలబడతాను. బక్కమేస్త్రి వచ్చి నన్ను కూడా కలిపి తీసుకుపోతాడు."

"మొండిఘటం... ఆ రోజు వాడు పిలిచాడు. నేను పలికాను. మిషన్ మోగింది. గాడి పడింది, నాకు వినిపించింది. చివరికొచ్చాక లేపాడు. అదీ వినిపించింది. లేపాక ఆపాలి కదా. ఆపలేదు. గాలిలో తిరుగుతూనే ఉంది. తిరుగుతూనే ఉంది. ఆ మిషన్‌కి స్విచ్చి నొక్కి పట్టి ఉంచే గుండీ ఒకటుంది, తెలుసుగా. వాడు పడిపోయినా అది తిరుగుతూనే ఉంది."

"అత్తయ్యా..."

"చెక్క తినే మోత వేరు. ఉత్తి గాలి మోత వేరు. ప్రపంచంలో ఇంకెవరికి తెలియకపోయినా నాకు తెలుసు. తెలిసీ కూర తరుగుతూ కూర్చున్నాను. వాడేదో ఆలోచిస్తున్నాడులే, ఏదో కొలత చూసుకుంటున్నాడులే అనుకున్నాను. కూర తరగడం అయింది. పొయ్యి మీద పెట్టాను. అప్పుడు లేచాను."

"గుండె ఆగిపోతే ఎవరేం చెయ్యగలరు అత్తయ్యా? డాక్టరు కూడా చెప్పారు, పడేసరికే అయిపోయిందని."

"డాక్టరు చెబుతాడు. నా చెవులకి చెప్పమను."

"అంత నొప్పిలోనూ ఆయన ముందు బిట్టు పైకి లేపారు. పలక మీద మచ్చ కూడా లేదు."

"అదేగా! పలకని చూసుకున్నాడు వెధవ. తనని చూసుకోలేదు."

"ఏడవకండి."

"నేనెందుకేడుస్తాను? నువ్వు కొయ్యి. కొయ్యి ముందు. ఉత్తినే తిప్పకు, అంతే నేనడిగేది. స్పీడ్ అందగానే దించెయ్."

"అలాగే. చేతులేవి?"

"..."

"అత్తయ్యా! చేతులేవి?"

"ఇవిగో. ఇవిగోనే. తొమ్మిదిన్నర."

"దించుతున్నా!"

"తొయ్... తొయ్... భుజాలు బిగపట్టకు, పిడులు గట్టిగా పిసికితే చెయ్యి వణుకుతుంది... అదీ... తగిలిందా అడ్డుముక్కకి? లేపు. ఆపు."

"ఆపాను. మొదటి మెట్టు అయింది."

"పొట్టు ఊది... నోటితో కాదే, బ్రష్షుతో! గాడిలో పొట్టు ఉంటే మిషన్ ఎక్కి దిగుతుంది."

"తుడిచాను. రెండో మెట్టు. చేతులేవి?"

"ఇవిగో, తొమ్మిదిన్నర. పోనీ... ఆగకు, ఆగకు, వాసన వస్తోంది, కాలుతోంది, కాస్త చురుగ్గా తొయ్... ఆఁ, అలా. ఆపు."

"చిన్న నల్ల మచ్చ పడింది."

"ఆఖరి విడతలో పోతుంది. ఊపిరి తీసుకో. నువ్వు ఊపిరి తీసుకుని ఎంతసేపయింది?"

"తెలీదు."

"తీసుకో. నన్ను కూడా తీసుకోనీ."

"ఆఖరిది. చేతులేవి?"

"ఇవిగో, తొమ్మిదిన్నర!"

"దించుతున్నా!"

"బాగుంది... బాగుంది తల్లీ... చివరికొస్తోంది, తొందరపడకు... తగిలింది. లేపు. ఆపు! ఆపెయ్!"

"ఆపేశాను. అత్తయ్యా, ఆపేశాను. చూడండి, ఆగిపోయింది. వినండి. ఏ మోతా లేదు."

"ఊఁ."

"వచ్చి చూస్తారా? పలక బిగించి ఉంది, నేను తీసుకురాలేను. మీరే రావాలి."

"ఇక్కడ్నుంచి చూస్తాలే."

"ఇక్కడ్నుంచి ఏం కనబడుతుంది? రండి. చెయ్యి ఇవ్వండి."

"వద్దే... వద్దంటే... ఉండు, కాలు తిమ్మిరెక్కింది. ఆఁ."

"గడప దాటారు అత్తయ్యా."

"దాటానులే. చెప్పనక్కర్లేదు. ఎక్కడ?"

"ఇదిగో."

"ఈ అర వేలు దేనికీ పనికిరాదనుకోకు. మొద్దుగా ఉంటుందిగా, గాడిలో ఇలా అడుగు అంటుతుంది. మీ మామయ్య ఎన్ని గాడులు కోసినా ఆఖరికి ఈ వేలే తీర్పు చెప్పేది. ఊఁ... అడుగు నున్నగా ఉంది. అంచు చీలలేదు. వాడి పక్క గాడి ఇది. నీ గాడి ఇది. ... ఏది వాడిదో, ఏది నీదో వేలికి తెలియడం లేదు."

"అంటే?"

"బాగుందే. చాలా బాగుంది. నా కళ్ల ముందు ఇంకెవరూ ఇంత శుభ్రంగా కొయ్యరనుకున్నాను."

"అంటే కొట్టు ఉంటుంది! అత్తయ్యా, కొట్టు ఉంటుంది కదా?"

"సాయంత్రం బక్కమేస్త్రి వస్తాడు. మిషన్ ఇచ్చేద్దాం."

"అదేంటి! మాటిచ్చారు! ఇందాకే 'నేను మాట తప్పే మనిషినా' అన్నారు!"

"తప్పే మనిషినే. ఇప్పుడు తెలిసింది. నువ్వు చెడగొడతావనుకున్నాను. చెడగొడితే నీకే విసుగొచ్చి వదిలేస్తావు, నా నోటితో వద్దనక్కర్లేదు అనుకున్నాను. నువ్వు బాగా కోశావు. బాగా వచ్చింది కాబట్టి రోజంతా ఇక్కడే ఉంటావు. నేను గోడకవతల కూర్చుని రోజంతా వినాలి. ఎప్పుడు మోత మారుతుందా, ఎప్పుడు గాలి మోత వస్తుందా అని. నా వల్ల కాదే. ఒకడి మోత విన్నాను. ఇంకొకరిది వినలేను."

"మరి నేనేం చెయ్యాలి? ఆయన పోయాక నాకు ఇల్లంతా బావిలా ఉంది. ఈ బల్ల దగ్గర ఒక్కచోటే ఊపిరాడుతోంది. ఇదీ తీసేస్తే నేనెక్కడ నిలబడాలి?"

"ఇంకేదైనా పని చేసుకో. కుట్టుపని నేర్చుకో."

"కుట్టుపనా!"

"సూది గుచ్చుకుంటే చుక్క రక్తం వస్తుంది. అంతే."

"పెద్దమ్మా! ఉన్నారా? నేనే, మిషన్ కోసం వచ్చాను!"

"వచ్చేశాడు బక్కమేస్త్రి. బాబూ, అక్కడే వాకిట్లో ఉండు! లోపలంతా పొట్టు. ఇప్పుడే తెస్తాం."

"అలాగే పెద్దమ్మా, తొందరేం లేదు."

"వైరు చుట్టు పిల్లా. అలా చూడకు నా వంక."

"చుడుతున్నాను. మీ కొడుకు మిషన్, మీ ఇష్టం. నేనింక వాదించను. ఒక్కటి మాత్రం చెప్పాలి మీకు, ఇన్నాళ్లూ చెప్పలేదు."

"ఏంటి?"

"ఆయన పోయాక మొదటిసారి మధ్యాహ్నం ఈ కొట్టు తలుపేసుకుని మిషన్ పట్టుకున్నాను. స్విచ్చి మీద వేలు పెట్టలేకపోయాను. ఎందుకో నోటికొచ్చి 'చేతులేవి?' అన్నాను. ఎవరూ పలకరనే అనుకున్నాను. మీరు పలికారు. గడప కూడా దాటని మనిషి, నన్ను వద్దు వద్దంటున్న మనిషి, లోపల్నుంచి పలికారు. అప్పట్నుంచి రోజూ పలుకుతున్నారు. ఆ ధైర్యంతోనే నేర్చుకున్నాను అత్తయ్యా. పైకి తిడుతున్నా మీకు ఇష్టమేననుకున్నాను."

"నేను మధ్యాహ్నాలు ఇంట్లో ఉండనే."

"అంటే?"

"నువ్వు తలుపెయ్యగానే నేను పెరటి గుమ్మంలోంచి దర్జీ ఆవిడ ఇంటికి పోతాను. ఆ మోత వినలేక. మిషన్ ఆగిందని ఆవిడ పిల్ల చూసి చెప్పాక వస్తాను. నీకు తెలిస్తే బాధపడతావని చెప్పలేదు. పడుకున్నానని చెప్పాను."

"కాదు. మీరు పలికారు. నాకు వినిపించింది. చెవి డిప్పల్లోంచి సన్నగానే అనుకోండి, గోడకవతల్నుంచి. నిద్రగొంతు, కాస్త బొంగురుగా."

"రోజూనా?"

"రోజూ. ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లు. అందుకేగా ఇవాళ మీరు తొమ్మిదిన్నర అనేసరికి అర తగ్గిందేమిటన్నాను."

"తగ్గడమేంటి? రోజూ ఏమని వినిపిస్తుంది నీకు?"

"'ఇవిగో, పది' అని. నా వేళ్లు లెక్కపెడుతున్నారనుకున్నాను. పదీ జాగ్రత్తగా ఉంచుకోమని చెబుతున్నారనుకున్నాను. అత్తయ్యా? అత్తయ్యా, కూర్చోండి. పీట తెస్తానుండండి."

"మళ్లీ చెప్పు. ఏమని?"

"'ఇవిగో, పది.'"

"నేను పది అనను. ఆ వేలు పోయాక ఈ కొట్టులో నేనెప్పుడూ పది అన్లేదు. పది అన్నది ఒక్కడే. పసివాడప్పుడు నా పక్కన నిలబడేవాడు, బల్ల అంత ఎత్తు కూడా లేడు. వాళ్ల నాన్న పిలవగానే నేను తొమ్మిదిన్నర అనేదాన్ని. వాడు నన్ను వెక్కిరిస్తూ రెండు చేతులూ చాపి..."

"ఇవిగో, పది."

"పెద్దమ్మా, పొద్దు పోతోంది. బరువైతే నేనే లోపలికొచ్చి ఎత్తుకోనా?"

"వద్దు! రావద్దు! మిషన్ ఇవ్వడం లేదు బాబూ. నువ్వు వెళ్లు."

"అదేంటి పెద్దమ్మా, మాటిచ్చి ఇప్పుడిలా..."

"మాట తప్పాను. ఇవాళ ఇది రెండోసారి. తిట్టుకుంటూ వెళ్లు నాయనా, ఏమీ అనుకోను. వెళ్లు."

"వెళ్లాడు అత్తయ్యా. మంచినీళ్లు తెస్తాను."

"నీళ్లొద్దు. తలుపు వెయ్. రోజూ వేస్తావే, అలా. వైరు విప్పి ప్లగ్గు పెట్టు."

"గాడి పడిపోయిందిగా. ఇంకేం కొయ్యాలి?"

"ఏమీ కొయ్యొద్దు. స్విచ్చి వెయ్యొద్దు. చెవి డిప్పలు పెట్టుకో. ఎక్కడ నిలబడి పిలుస్తావో అక్కడే నిలబడు."

"నిలబడ్డాను. నాకు భయంగా ఉంది."

"నాకు లేదే. ఇన్నాళ్లకి లేదు. పిలువు తల్లీ. ఈసారి నేను పలకను."